కొండవాలులో ఇల్లు: గదుల కంటే ముందు నీటి దారి గీయండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. 30 డిగ్రీల వాలున్న స్థలం, రోడ్డు పైవైపున ఉంది, స్థలం అక్కణ్నుంచి కిందికి దిగుతుంది. ఆధునికంగా, పెద్ద పెద్ద అద్దాలతో, కరెంటూ నీళ్లూ తక్కువ ఖర్చయ్యే ఇల్లు కావాలి. ఒక డిజైనర్ స్థలం మొత్తం చదును చేసి కడదాం అన్నారు, ఇంకొకరు పొడవాటి పిల్లర్ల మీద నిలబెడదాం అన్నారు. ఇంకుడు గుంతలు, మిద్దె తోట, చిన్న ఈతకొలను కూడా అనుకుంటున్నారు. వీటిలో ఏది పర్యావరణానికి మేలు అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా వాలు స్థలాల్లోనే ఎక్కువగా పనిచేశాను. మీ స్థలంలో చదును చేయడం నేను ఒప్పుకోను. పూర్తిగా పిల్లర్ల మీద ఎత్తడం కొంత నయం, కానీ దానికో పెద్ద ప్రమాదం ఉంది, అది కింద చెబుతాను. నా సలహా, ఇల్లే మెట్లు మెట్లుగా వాలు వెంట దిగాలి. మీరు రాసిన ఇంకుడు గుంత, కొలను, ఈ రెండూ చదును నేల మీద మంచివే, వాలు మీద మాత్రం ఇంటినే జార్చేయగలవు. ఇది చదివి మీకు టెన్షన్ వస్తుందని తెలుసు. డ్రాయింగ్ దశలోనే రావడం మంచిది.

ముందు ఒక చిన్న లెక్క. 30 డిగ్రీలంటే 58 శాతం వాలు, అంటే అడ్డంగా 10 మీటర్లు వెళ్తే నేల 5.8 మీటర్లు దిగుతుంది. (డిగ్రీలు, శాతం ఒకటి కావు. 45 డిగ్రీలైతే 100 శాతం. స్థలం అమ్మేవాళ్లు, సర్వేయర్లు, ఇంజనీర్లు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, ఏది చెబుతున్నారో ప్రతిసారీ అడగండి.) ఇప్పుడు 12 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఇంటికి కొండను కోసి ఒకే చదును చేస్తే దాదాపు 350 ఘనపు మీటర్ల మట్టి తవ్వాలి. తవ్వితే మట్టి గుల్లబారి పావు వంతైనా పెరుగుతుంది. అంటే 10 ఘనపు మీటర్లు పట్టే లారీతో 40 ట్రిప్పులు దాటుతుంది. ఇంటి వెనక మిగిలేది రెండంతస్తుల ఎత్తు గోడ.

అదే ఇంటిని మూడు మెట్లుగా విడగొట్టండి, ఒక్కో మెట్టు 3.3 మీటర్ల వెడల్పు. తవ్వకం మూడో వంతుకు, సుమారు 115 ఘనపు మీటర్లకు పడిపోతుంది. ఒక్కో చోట గోడ ఎత్తు 1.9 మీటర్లే. గోడ ఎత్తు రెట్టింపైతే దాని మీద మట్టి తోపుడు నాలుగింతలు, గోడను పడదోసే బలం ఎనిమిదింతలు అవుతుంది. ఎత్తు మూడో వంతుకు తగ్గించారంటే ఒక్కో గోడను పడదోసే బలం 27వ వంతుకు తగ్గిందన్నమాట. ఇనుము, కాంక్రీటు బాగా మిగులుతాయి. ప్రపంచ కర్బన ఉద్గారాల్లో సుమారు 7-8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది కాబట్టి, కప్పు మీద పెట్టే సోలార్ ప్యానెల్స్ కంటే ముందు లెక్కలోకి రావలసింది ఈ కట్టని గోడే. మెట్ల గోడలు దగ్గరదగ్గరగా ఉంటే పై గోడ బరువు కింది గోడ మీద పడుతుంది, అందుకే మూడింటినీ, వాటి వెనకున్న వాలునీ కలిపి ఒకటిగా చెక్ చేయమని ఇంజనీరుకు చెప్పండి.

తవ్వినదాన్ని పల్లం వైపు పోసి ఇల్లు సగం తవ్విన నేల మీద, సగం పోసిన మట్టి మీద నిలబెట్టడం చాలామంది చేసే పని. మట్టి బయటికి పంపక్కర్లేదు, చూడటానికి పొదుపుగానే కనిపిస్తుంది. కానీ తవ్విన వైపు నేల కదలదు, పోసిన వైపు ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. ఇల్లు నడిమికి చీలుతుంది. అది కూడా చిన్న నష్టమే. హాంకాంగ్‌లో 1972 జూన్ 18న సౌ మౌ పింగ్ అనే చోట సరిగా దిమ్మిస కొట్టకుండా పోసిన మట్టికట్ట వానకు జారి 71 మంది చనిపోయారు. అదే రోజు మరో చోట కొండచరియ విరిగి ఇంకో 67 మంది పోయారు. 1976లో సౌ మౌ పింగ్‌లోనే మళ్లీ అలాంటి కట్టే జారింది, 18 మంది బలయ్యారు. 1977లో అక్కడి ప్రభుత్వం వాలుల భద్రత చూడటానికే ఒక ప్రత్యేక సాంకేతిక సంస్థను పెట్టింది. మట్టి పోయక తప్పని చోట పైనున్న గడ్డీ వేర్లూ తీసేసి, అసలు నేలను మెట్లుగా కోసి, 15-20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, ఒక్కో పొరనూ గట్టిపరచాలి. ఇంటి పునాది మాత్రం ఆ మట్టి మీద ఆనకూడదు, దాన్ని దాటి అసలు నేలలోకి దిగాలి.

ఇక నీరు. కొండ మీద నేను చూసిన నష్టాల్లో చాలావరకు మొదలైంది నీటితోనే.

ఒక ఇంటాయన రెండో వానాకాలంలో ఫోన్ చేశారు. ఇంటి వెనక రిటైనింగ్ వాల్ (కొండ మట్టిని ఆపే గోడ), దాదాపు 3 మీటర్ల ఎత్తు, నడిమికి నాలుగు వేళ్ల మందం ముందుకు ఉబ్బింది. నేను వెళ్లేసరికి వాన ఆగి రెండు రోజులైంది. గోడకు నీళ్లు పోయే రంధ్రాలు వరుసగా, చక్కగా ఉన్నాయి. ఒక్కదాని కిందా తడి మరక లేదు. వేలు పెట్టి చూశాను, బంకమట్టి గట్టిగా బిరడాలా పట్టేసింది. సన్నటి ఇనుప కడ్డీతో ఒకదాన్ని పొడిచాం. ముందు ముద్దముద్దగా బురద వచ్చింది, తర్వాత కడ్డీని చేతిలోంచి నెట్టేసేంత వేగంగా నీళ్లు. అరగంట దాటినా ధార సన్నబడలేదు. గోడ వెనక కంకర నింపాల్సిన చోట, తవ్వి తీసిన బంకమట్టినే తిరిగి నింపేశారు. కంకర మోసుకురావడం కష్టమని. కాంక్రీటులో లోపం లేదు, ఇనుమూ తక్కువ పెట్టలేదు. వెనక నీళ్లు నిలవవు అనే నమ్మకం మీద లెక్కగట్టిన గోడ అది.

ఆ నమ్మకం తప్పితే ఏమవుతుందో అంకెల్లో చెబుతాను. వెనక నేల చదునుగా ఉన్న 3 మీటర్ల గోడ మీద, పొడి ఇసుక లాంటి మట్టి మీటరు పొడవుకు సుమారు 2.7 టన్నుల బలంతో తోస్తుంది. నీళ్లు పైదాకా నిండితే అది 6 టన్నులకు చేరుతుంది. ఇందులో నాలుగున్నర టన్నులు ఒట్టి నీటిదే. ఆ నీటిని బయటికి పంపడానికి కావలసింది గోడ వెనక ఓ అడుగు మందం కంకర, మట్టి కణాలు చొరబడకుండా దాని చుట్టూ జియోటెక్స్‌టైల్ గుడ్డ, అడుగున చిల్లుల పైపు. చిల్లులు కింది వైపుకు ఉండాలి, చాలామంది పైకి పెట్టేస్తారు. పైపు మొదట్లో ఒక మూత పెట్టించండి, రెండేళ్లకోసారి అందులోంచి నీళ్లు కొట్టి కడగొచ్చు. ఆ పైపు ఎక్కడ బయటపడుతుందో ఇంటి ప్లాన్‌లోనే గీయాలి. ఈ గీత లేని ప్లాన్ మీద నేను సంతకం పెట్టను.

రెండో కాపలా ఇంటికి పైన. కొండ మీంచి, మీ విషయంలో రోడ్డు మీంచి కూడా వచ్చే నీటిని ఇల్లు చేరకముందే పట్టి పక్కలకు తిప్పే కాలువ కావాలి. తిప్పిన నీరు వాలు మీద ఒకేచోట పడితే అక్కడ గండి కొడుతుంది, కాబట్టి చివర పెద్ద రాళ్లు పేర్చి దాని వేగం చంపాలి. పొరుగు స్థలంలోకి వదలకూడదు. నీరు పల్లమెరుగు, వాళ్ల వాలు జారితే మీ కింది నేలకూ ఆధారం పోతుంది.

ఇంకుడు గుంతలు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. మట్టి రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగితే వాటి మధ్య పట్టు తగ్గుతుంది, వాలు జారేది అప్పుడే. చదును నేలలో భూగర్భ జలాన్ని పెంచే గుంత, నిట్రమైన వాలులో జారుడు పొరకు నీళ్లు పోసినట్టే. 120 చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క రాత్రి 50 మిల్లీమీటర్ల వాన పడితే 6,000 లీటర్లు. దాన్ని గుంతలోకి పంపకండి, ట్యాంకులోకి పంపి వాడుకోండి, నిండి పొర్లేది మూసిన పైపులో కిందిదాకా దించండి. ట్యాంకు కూడా బరువే, 10,000 లీటర్లంటే 10 టన్నులు. పల్లం అంచున పెట్టొద్దు, తవ్విన గట్టి నేల మీద, ఇంటికి పైవైపు పెడితే మోటారు లేకుండానే తోటకు, కింది గదులకు నీళ్లు వస్తాయి. సెప్టిక్ ట్యాంకు నుంచి నేలలోకి ఇంకించే ఏర్పాటుకూ ఇదే ప్రమాదం ఉంది. రోడ్డులో మురుగు లైన్ ఉంటే కింది అంతస్తు నుంచి పంపు పెట్టి పైకి తోడటం మేలు. లేకపోతే శుద్ధి చేసిన నీటిని ఎక్కడ, ఎంత మేర వదలొచ్చో జియోటెక్నికల్ ఇంజనీరే (నేలనూ పునాదినీ పరీక్షించే ఇంజనీరు) చెప్పాలి.

ఈతకొలను మానేయండి. 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు అనుకున్నా 18 టన్నుల నీళ్లు. కంటికి కనిపించని చిన్న లీకు నెలల తరబడి వాలును నానబెడుతుంది. పిల్లల కోసమే అని రాశారు, వద్దని చెప్పడం నాకూ బాధగానే ఉంది.

మిద్దె తోట పెట్టుకోవచ్చు, ఒక కప్పు మీద మాత్రమే. 10 సెంటీమీటర్ల తేలిక మట్టి మిశ్రమం కూడా తడిస్తే చదరపు మీటరుకు 100 కిలోలు దాటుతుంది. మెట్ల ఇంట్లో కింది గది కప్పు పై గదికి పెరడవుతుంది కాబట్టి ఆ ఒక్కదాని మీద వేస్తే కళ్లెదురుగా పచ్చదనం ఉంటుంది, బరువూ అదుపులో ఉంటుంది.

పిల్లర్ల సంగతి. నేలను తక్కువ ముట్టుకుంటుంది, వాననీరు కిందనుంచి దాని దారిన అది పోతుంది, గాలి ఆడుతుంది. నాకూ ఇష్టమైన పద్ధతే. చిక్కు ఎక్కడంటే, పైవైపు పిల్లర్లు పొట్టిగా, పల్లం వైపువి పొడుగ్గా ఉంటాయి. భూమి ఊగినప్పుడు బలం అన్నిటికీ సమానంగా పంచుకోదు. ఒకే మందమున్న పిల్లర్లలో బిగువు (అంటే వంగకుండా నిలిచే గుణం) పొడవు ఘనానికి విలోమంగా మారుతుంది. పైన 1.5 మీటర్లు, కింద 4.5 మీటర్లు ఉంటే పొట్టిది 27 రెట్లు బిగువు. ఇల్లంతటి కుదుపూ దాని మీదే పడి అది ముందు పగులుతుంది. చూసేవాళ్లకు భయం వేసేది పొడుగు పిల్లర్లను చూసి, విరిగేది మాత్రం పొట్టివి. దీనికి ఉపాయాలున్నాయి. పొట్టి పిల్లరు చుట్టూ మట్టి తగలకుండా గుంత వదిలి అది ఊగగలిగే పొడవు పెంచడం ఒకటి. పల్లం వైపు ఏటవాలు బ్రేసింగులు, గోడలు పెట్టి అటు కూడా బిగువు తేవడం రెండోది. పిల్లర్ల పాదాలను రెండు దిశల్లోనూ బీములతో కట్టేయడం మాత్రం తప్పనిసరి. పునాది లోతు కూడా అంచనా మీద వేయకూడదు. పైమట్టి ఏ లోతున జారగలదో దాన్ని దాటి గట్టి పొరలోకో, బండలోకో పైల్ (లోతుగా దించే పునాది స్తంభం) దిగాలి. లేకపోతే మట్టితో పాటు పైలూ ప్రయాణం చేస్తుంది.

అందుకే మీకు నేను గీసేదైతే పైమెట్టును కొండలోకి కొద్దిగా దించి కాంక్రీటు గోడతో కడతాను, మధ్య మెట్టు దానికి ఆనుతుంది, కింది మెట్టును మాత్రమే తేలికపాటి స్టీలు లేదా కలప ఫ్రేముతో పిల్లర్ల మీద ఎత్తుతాను. భారీ కాంక్రీటు భూమిలోనే ఆగిపోవాలి. నేల మీద లేచేదంతా చేతులతో మోసి, బోల్టులతో బిగించగలిగినదైతే క్రేను కోసం ఇంకో దారి తవ్వక్కర్లేదు.

దారి అంటే గుర్తొచ్చింది. చాలా స్థలాల్లో ఇంటికంటే కారు దారే కొండను ఎక్కువ కోస్తుంది. మీకు రోడ్డు పైన ఉండటం అదృష్టం. కారును రోడ్డు మట్టంలోనే ఆపండి, అక్కణ్నుంచి చిన్న వంతెన మీదుగా పైమెట్టులోకి రండి. వంటిల్లు, హాలు, పెద్దవాళ్ల పడకగది ఆ మట్టంలోనే ఉంటే మోకాళ్లు నొప్పులున్నవాళ్లు రోజూ మెట్లు దిగక్కర్లేదు. మిగతా పడకగదులు కిందికి వెళ్తాయి. మామూలు ఇంటికి ఇది తలకిందులు, అలవాటవుతుంది.

గాలికి మెట్ల ఇల్లు వరం. పగలు ఎండకు వేడెక్కిన గాలి వాలు వెంట పైకి వస్తుంది, రాత్రి చల్లగాలి బరువెక్కి కిందికి జారుతుంది. కింది గదిలో తక్కువ ఎత్తున కిటికీ, మెట్లదారి నెత్తిన తెరుచుకునే వెంటిలేటరు పెడితే మెట్లదారే పొగగొట్టంలా వేడిని లాగేస్తుంది. కొండలోకి దిగిన గది ఏడాదంతా దాదాపు ఒకే చల్లదనంతో ఉంటుంది, కానీ తేమ పడుతుంది. ఆ గోడకు బయటి వైపు వాటర్‌ప్రూఫింగ్, దాని వెనక కంకర, లోపల గాలి ఆడే దారి, మూడూ ఉండాలి. లోపలివైపు పూసే రసాయనాల్ని నమ్ముకోకండి, బయటి ఒత్తిడి వాటిని పొరలుగా ఊడదీస్తుంది.

అద్దాల విషయంలో ఒకటే మాట. లోయ పడమరకు ఉంటే ఆ వైపు నేల నుంచి కప్పుదాకా అద్దం పెట్టొద్దు. సాయంత్రపు ఎండ కిందుగా వస్తుంది, పై చూరు ఎంత పొడిగించినా ఆపలేదు, నిలువు పలకలో బయటి పరదాలో కావాలి. ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉత్తరానికి తిరిగిన అద్దమైతే సరైన చూరుతో వేసవి ఎండ ఆగుతుంది, చలికాలం ఎండ లోపలికొస్తుంది. పెద్దగా ముందుకు తేలే బాల్కనీలు కూడా అడిగారు. అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1935లో గీసిన ఫాలింగ్‌వాటర్ ఇంటి తేలే అంతస్తులు కట్టిన కొత్తల్లోనే వంగడం మొదలెట్టాయి, 2002లో ఉక్కు కేబుళ్లు లాగి బిగించాల్సి వచ్చింది. మీటరున్నర చాలు, ఎంత ముందుకు తేలినా చూసే లోయ అదే.

కార్చిచ్చు వచ్చే ప్రాంతమైతే ఇంకో జాగ్రత్త. మంట పైకి ఎక్కుతుంది, వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని వేగం దాదాపు రెట్టింపవుతుంది. మీ 30 డిగ్రీల వాలులో చదును మీద కంటే సుమారు ఎనిమిది రెట్లు. ఎత్తిన అంతస్తు అడుగు భాగాన్ని కాలని పలకతో మూయండి, కింద కట్టెలు, ఎండుటాకులు పేరనివ్వకండి.

చెట్లు. కొట్టేసిన చెట్టు వేళ్లు వెంటనే పట్టు వదలవు, కొన్నేళ్లకు కుళ్లి అప్పుడు వదులుతాయి. ఈ ఏడు కొట్టి, ఏమీ కాలేదని ధీమాగా ఉన్నవాళ్ల వాలు నాలుగైదేళ్ల తర్వాత జారుతుంది. కొట్టక తప్పకపోతే వచ్చే వానాకాలానికి ముందే కొత్తవి నాటండి. కోసిన అంచుల మీద వట్టివేరు బాగా పనిచేస్తుంది, వేళ్లు 2-3 మీటర్లు నిలువునా దిగుతాయి. అంతకంటే లోతున జారే పొరను ఏ వేరూ ఆపలేదు. తవ్వకంలో రాయి దొరికితే బయటికి పంపకండి, తీగ బుట్టల్లో పేర్చి గేబియన్ గోడలు కట్టుకోండి, నీరు వాటిలోంచి దానంతటదే పోతుంది.

డిజైనర్‌ను మళ్లీ కలవకముందు ఒకసారి, పెద్ద వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే స్థలానికి వెళ్లండి. చెట్ల మొదళ్లు చూడండి. మొదలు పల్లం వైపు వంగి, పైకి వెళ్లేకొద్దీ నిటారుగా తిరిగితే అక్కడ పైమట్టి ఏళ్లుగా నెమ్మదిగా పాకుతోందని అర్థం. చెట్టు ప్రతి ఏడూ తనను తాను సరిచేసుకుంటూ ఆ వంపు తెచ్చుకుంటుంది. కంచె రాళ్లు ఒకే దిశకు ఒరిగాయా, వాలుకు అడ్డంగా నెర్రెలున్నాయా, చుట్టూ ఎండినా ఒకచోట మాత్రం గడ్డి పచ్చగా ఉందా చూడండి, పచ్చగా ఉంటే అది ఊట. ప్రతిదాన్నీ ఫోటో తీసి సర్వే మ్యాపు మీద గుర్తు పెట్టండి.

తర్వాత మట్టి పరీక్ష బోర్లు వేయించండి, కనీసం మూడు: స్థలం పైన, మధ్యలో, కింద. ఒక్క బోరుతో సరిపెడతామంటే ఒప్పుకోకండి, పొర ఎటు వాలిందో ఒక్క బోరు చెప్పలేదు. బండ పొరలు వాలుతో పాటే కిందికి వంగి ఉంటే ప్రమాదం, కొండలోకి వంగి ఉంటే మేలు. భూగర్భ నీటిమట్టం చూసే సన్నటి పైపు ఒకటి అందులోనే వదిలేయించి, ఒక వానాకాలం మొత్తం కొలతలు తీయించండి. రిపోర్టులో వాలు భద్రత గుణకం (వాలును జార్చే బలానికి పట్టి ఉంచే బలం ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.5కు తగ్గకుండా ఉందా, అది నీళ్లు నిండిన స్థితికి లెక్కించిందేనా అని అడగండి. పొడి నేలకు లెక్కించి 1.5 చూపించిన రిపోర్టులు నేను చూశాను.

ఆ ఒక్క వానాకాలం ఆగడం మీకు కష్టంగానే ఉంటుంది. ఆగండి. బోర్ల రిపోర్టు, ఆ ఫోటోలు వచ్చాక ఇక్కడే పెట్టండి, గట్టి పొర ఏ లోతున ఉందో చూసి మూడు మెట్లలో ఏది కొండలో దిగాలో, ఏది పిల్లర్ల మీద ఉండాలో అప్పుడు గీసి చూపిస్తాను.